ఆన్‌లైన్‌లో కళ్లద్దాలు కొనేటప్పుడు: ముందు ఫ్రేమ్ సైజు, ఆ తర్వాతే లెన్స్ మందం

ఆన్‌లైన్‌లో కళ్లద్దాలు కొనేవాళ్లలో చాలామంది ముందు నచ్చిన ఫ్రేమ్ ఎంచుకుంటారు, తర్వాత పవర్ నింపుతారు. ఆఖర్న లెన్స్ పేజీ వస్తుంది: స్టాండర్డ్, థిన్, సూపర్ థిన్, అల్ట్రా థిన్. టెన్షన్ అక్కడ మొదలవుతుంది. పవర్ కాస్త ఎక్కువైనవాళ్లు సోడాబుడ్డి అద్దాలు వస్తాయేమోనన్న భయంతో అన్నిటికన్నా ఖరీదైనదాన్ని నొక్కేస్తారు. ఆ పేజీకి వచ్చేసరికే లెన్స్ మందం చాలావరకు తేలిపోయి ఉంటుంది. దాన్ని తేల్చేది మీరు ముందే ఎంచుకున్న ఫ్రేమ్, అందులో మీ కంటిపాప ఎక్కడ పడుతుందన్న లెక్క. పలచని లెన్స్‌కు అదనంగా డబ్బు పెట్టాలా వద్దా అన్నది ఆ తర్వాతి మాట. అందుకే ఇక్కడ వరస మార్చి చెబుతున్నాను.

1. చీటీని సరిగ్గా చదవండి

కంటి పరీక్ష చేయించుకుని ఏడాది దాటితే ముందు అది చేయించుకోండి. పాత పవర్ వేయించి ఎంత మంచి లెన్స్ కొన్నా దండగే.

చీటీలో ఓడీ అంటే కుడికన్ను, ఓఎస్ అంటే ఎడమకన్ను. ఎస్‌పీహెచ్ అన్న గడిలో అసలు పవర్ ఉంటుంది. మైనస్ అయితే దూరపు వస్తువులు మసకగా కనిపించే కన్ను, ప్లస్ అయితే దానికి తిరగబడిన లోపం. సీవైఎల్ అంటే సిలిండర్ పవర్, అంటే ఒక దిశలో మాత్రమే అదనంగా కావలసిన పవర్. యాక్సిస్ అంటే ఆ సిలిండర్‌ను ఏ కోణంలో బిగించాలన్నది. సిలిండర్ లేకపోతే ఆ గడి ఖాళీగా ఉంటుంది, లేదా డీఎస్ అని రాస్తారు. యాడ్ అని ఉంటే అది చదవడానికి అదనంగా కావలసిన పవర్.

ప్లస్, మైనస్ గుర్తుల దగ్గర రెండుసార్లు ఆగి చూసుకోండి. సైట్లలో పవర్‌ను జాబితా నుంచి ఎంచుకోవాలి. మొబైల్ తెరమీద వేలు కొంచెం జారితే మైనస్ 2.25 బదులు ప్లస్ 2.25 పడిపోతుంది. మరో సంగతి. కొందరు డాక్టర్లు సిలిండర్‌ను ప్లస్‌లో రాస్తారు, కొందరు మైనస్‌లో. రెండూ సరైనవే. చీటీలో ఎలా ఉంటే అలాగే నింపండి. ‘ఎస్‌పీహెచ్ మైనస్ కదా, ఇదీ మైనస్సే అయ్యుంటుంది’ అనుకుని సిలిండర్ గుర్తు ఒక్కటీ మారిస్తే మొత్తం పవరే మారిపోతుంది.

మందం సంగతికొస్తే ఎస్‌పీహెచ్ ఒక్కటే చూస్తే చాలదు. మైనస్ 4.00, దాని పక్కన సిలిండర్ మైనస్ 2.00 ఉందనుకోండి. ఆ లెన్స్‌లో ఒక దిశలో 4 పవర్ ఉంటుంది, దానికి అడ్డంగా ఉన్న దిశలో 6. ఆ 6 ఎటువైపు పడుతుందో యాక్సిస్ చెబుతుంది. ఇలా మైనస్‌లో రాసిన చీటీలో యాక్సిస్ 180 దగ్గర ఉంటే ఎక్కువ పవర్ నిలువుగా పడి, పై అంచు, కింది అంచు లావవుతాయి. 90 దగ్గర ఉంటే ముక్కు వైపు, చెవి వైపు అంచులు లావవుతాయి. మొదటి రకం వాళ్లు ఎత్తు తక్కువ ఉన్న ఫ్రేమ్, రెండో రకం వాళ్లు వెడల్పు తక్కువ ఉన్న ఫ్రేమ్ చూసుకుంటే మేలు. ఎస్‌పీహెచ్ సమానంగా ఉన్న ఇద్దరు ఒకే ఫ్రేమ్ తీసుకున్నా ఒకరి అద్దాలు లావుగా, ఇంకొకరివి సన్నగా రావడానికి తరచూ ఇదే కారణం.

ప్లస్ పవర్ వాళ్లకు అంచులు పలచగా, నడుమ ఉబ్బుగా ఉంటుంది. లెక్క అదే, మందం చోటు మాత్రం మారుతుంది.

2. పీడీ కొలవండి

పీడీ అంటే రెండు కంటిపాపల నడిమధ్య బిందువుల మధ్య దూరం. పెద్దవాళ్లలో ఎక్కువమందికి 54 నుంచి 74 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. లెన్స్‌లో సరైన చూపు ఇచ్చే నడిబిందువు కంటిపాపకు ఎదురుగా రావాలంటే ఈ కొలత కావాలి. చాలా చీటీల్లో ఇది ఉండదు. పరీక్ష చేయించుకునేటప్పుడే అడిగి రాయించుకోవడం అన్నిటికన్నా సులువైన దారి.

ఇంట్లో కొలవాలంటే మిల్లీమీటర్ల గీతలున్న స్కేలు తీసుకుని, అద్దానికి సుమారు 20 సెంటీమీటర్ల దూరంలో నిలబడండి. స్కేలును కనుబొమల మీదుగా అడ్డంగా ఆనించండి. కుడికన్ను మూసి, ఎడమకంటితో అద్దంలోని మీ ఎడమకంటినే చూస్తూ కంటిపాప నడుమకు సున్నా గీత తెచ్చుకోండి. తల, స్కేలు కదలకూడదు. ఇప్పుడు ఎడమకన్ను మూసి కుడికన్ను తెరవండి. కుడి కంటిపాప నడుమ ఏ గీత పడిందో అదే మీ పీడీ. ఒక్కో కన్ను నేరుగా దాని ప్రతిబింబాన్నే చూస్తుంది కాబట్టి అద్దం దగ్గరగా ఉన్నా వచ్చేది దూరపు చూపు కొలతే. మూడు నాలుగుసార్లు కొలిచి, బాగా తేడాగా వచ్చినది వదిలేసి మిగతావాటి సగటు తీసుకోండి.

పవర్ ఎక్కువున్నవాళ్లకు అద్దాలు తీశాక స్కేలు మీద గీతలే కనిపించవు. అప్పుడు ఇంకొకరి సాయం తీసుకోక తప్పదు. వాళ్లు మీకు ఎదురుగా చేయి చాచినంత దూరంలో కూర్చుని తమ కుడికన్ను మూసుకోవాలి, మీరు వాళ్ల ఎడమకంటిని చూడాలి. మీ కుడి కంటిపాప మీద సున్నా పెట్టాక వాళ్లు కన్ను మార్చాలి. మీరు తెరిచి ఉన్న ఆ రెండో కంటిని చూస్తుండగా మీ ఎడమ కంటిపాప దగ్గర కొలత చదవాలి.

కొన్ని సైట్లు నుదుటి దగ్గర ఏటీఎం కార్డులాంటిది పట్టుకుని ఫోటో తీయమంటాయి. ఆ కార్డుల వెడల్పు ప్రపంచమంతటా 85.60 మిల్లీమీటర్లే కాబట్టి ఫోటోలో దాన్ని స్కేలుగా వాడుకుంటారు. పద్ధతి మంచిదే. కార్డు ముఖానికి సమాంతరంగా ఉండాలి, ఫోన్ మరీ దగ్గర పెట్టకూడదు, అంతే. కార్డు మీది నంబర్లేవీ ఫోటోలో కనిపించకుండా చూసుకోవడం మాత్రం మరవొద్దు.

పీడీ తప్పితే ఏమవుతుంది? పవర్ తక్కువైతే పెద్దగా ఏమీ కాదు. మైనస్ 1 వాళ్లకు 4 మిల్లీమీటర్లు తప్పినా పుట్టే పట్టక ప్రభావం (వెలుతురు పక్కకు వంగడం) 0.4 ప్రిజం డయాప్టర్లే. మైనస్ 6 వాళ్లకు అదే తప్పు 2.4 అవుతుంది. రెండు కళ్లూ ఒకే చోట కలవడానికి రోజంతా బలవంతంగా పక్కకు తిరుగుతూ ఉండాలి. తలనొప్పి, కళ్లు లాగడం, ఒక్కోసారి వస్తువులు రెండుగా కనిపించడం దీనివల్లే వస్తాయి.

ముక్కు నుంచి రెండు కంటిపాపలకూ దూరం సమానంగా ఉండాలని లేదు. 62 పీడీలో ఒకవైపు 30, మరోవైపు 32 ఉండొచ్చు. సైట్‌లో విడివిడిగా ఇచ్చే వీలుంటే అలాగే ఇవ్వండి. కేవలం చదవడానికి వాడే అద్దాలకైతే దూరపు పీడీ కన్నా సుమారు 3 మిల్లీమీటర్లు తక్కువ ఇవ్వాలి, దగ్గరి వస్తువును చూసేటప్పుడు కళ్లు లోపలికి తిరుగుతాయి కదా.

3. పాత జోడు కాడ లోపల ఉన్న అంకెలు చూడండి

ఇప్పుడు వాడుతున్న జోడు మీకు సౌకర్యంగా ఉంటే సగం పని అయినట్టే. చెవుల మీద కూర్చునే కాడ లోపలివైపు చిన్న అక్షరాల్లో 52, చిన్న చదరం, 18, 140 లాంటి అంకెలుంటాయి. మొదటిది ఒక్కో లెన్స్ వెడల్పు. రెండోది రెండు లెన్స్‌ల మధ్య ముక్కు మీద వచ్చే బ్రిడ్జి వెడల్పు. మూడోది కాడ పొడవు. అన్నీ మిల్లీమీటర్లే. అరిగిపోయి కనిపించకపోతే స్కేలుతో కొలవండి. లెన్స్ వెడల్పును దాని అతి వెడల్పైన చోట, ఫ్రేమ్ గాడి లోపలి నుంచి లోపలికి కొలవాలి.

వీటితోపాటు ఫ్రేమ్ మొత్తం వెడల్పు కూడా చూడండి. ఒక కాడ మలుపు నుంచి ఇంకో కాడ మలుపు వరకు ఉండే దూరం అది. కొందరు సైజు అంటే లెన్స్ వెడల్పు ఒక్కటే అనుకుంటారు. 50 లెన్స్ ఉన్న రెండు ఫ్రేముల మొత్తం వెడల్పులో 8 మిల్లీమీటర్ల తేడా ఉండొచ్చు. ముఖానికి సరిపోయేదీ కానిదీ మొత్తం వెడల్పు చెబుతుంది, లెన్స్ మందాన్ని లెన్స్ వెడల్పు చెబుతుంది. స్మాల్, మీడియం, లార్జ్ అన్న మాటలు ఒక్కో సైట్‌లో ఒక్కోలా ఉంటాయి, వాటిని పట్టించుకోకండి. పాతదానికి మొత్తం వెడల్పులో, కాడ పొడవులో రెండు మూడు మిల్లీమీటర్ల అటూ ఇటూగా ఉన్నది తీసుకుంటే సాధారణంగా ఇబ్బంది ఉండదు.

పాత జోడు వదులుగా జారిపోతుంటే, కణతల దగ్గర నొక్కుతుంటే మాత్రం దాన్ని కొలబద్దగా తీసుకోవద్దు. చెవుల ముందు, కళ్ల వరసలో ముఖం వెడల్పు కొలుచుకుని దానికి దగ్గరగా ఉన్న మొత్తం వెడల్పు వెతకండి.

బ్రిడ్జి దగ్గర ప్లాస్టిక్ ఫ్రేమ్‌తో జాగ్రత్త. మెటల్ ఫ్రేమ్‌లకు ఉండే నోస్ ప్యాడ్లను తర్వాత అటూ ఇటూ వంచుకోవచ్చు. ప్లాస్టిక్ ఫ్రేమ్‌లో చాలావాటికి ముక్కు ఆనే చోటు అచ్చులోనే పోసి ఉంటుంది, అది ముక్కుకు కుదరకపోతే ఎవరూ ఏమీ చేయలేరు. ముక్కు దూలం ఎత్తు తక్కువగా ఉన్నవాళ్లకు ఇలాంటి ఫ్రేమ్ బుగ్గల మీద కూర్చుంటుంది, నవ్వినప్పుడల్లా పైకి లేస్తుంది. వాళ్లకు నోస్ ప్యాడ్లున్న ఫ్రేమే నా సలహా, అది మెటల్ అయినా ప్లాస్టిక్ అయినా.

4. అసలు లెక్క ఇక్కడ

ఒకసారి కాగితం, పెన్ను తీసుకోండి. లెన్స్ వెడల్పు, బ్రిడ్జి కలిపితే ఫ్రేమ్ పీడీ వస్తుంది. 52, 18 ఫ్రేమ్‌కు 70. మీ పీడీ 62 అయితే తేడా 8. అంటే ఒక్కో లెన్స్ నడిబిందువును ఫ్రేమ్‌లో ఆ లెన్స్ కూర్చునే గడి నడిమి నుంచి 4 మిల్లీమీటర్లు ముక్కు వైపు జరపాలి. అలా జరిపాక లెన్స్ నడిబిందువు నుంచి చెవి వైపు అంచుకు దూరం 26 కు 4 కలిపి 30 మిల్లీమీటర్లు అవుతుంది.

మైనస్ లెన్స్ మందాన్ని తేల్చేది ఈ 30. అది మామూలుగా పెరిగితే మందం దాని వర్గం లెక్కన పెరుగుతుంది. సూత్రం ఇది: అంచు దూరాన్ని అదే దూరంతో గుణించి, దాన్ని పవర్‌తో గుణించండి. 2000 ను ఇండెక్స్‌లోంచి (లెన్స్ పదార్థం వెలుతురును ఎంత వంచుతుందో చెప్పే సంఖ్య, 1.50, 1.60 లాంటిది) 1 తీసేయగా మిగిలినదానితో గుణించి, మొదటి సంఖ్యను దీనితో భాగించండి. నడిమి కన్నా అంచు ఎన్ని మిల్లీమీటర్లు ఎక్కువ లావుందో వస్తుంది.

మైనస్ 6, మామూలు 1.50 లెన్స్ అనుకుందాం. 30 ఇంటూ 30 అంటే 900, దాన్ని 6 తో గుణిస్తే 5400. అటువైపు 2000 ఇంటూ 0.50 అంటే 1000. జవాబు 5.4 మిల్లీమీటర్లు. దీనికి లెన్స్ నడిమి మందం కలపాలి. 1.50 కు సుమారు 2 మిల్లీమీటర్లు, పలచని రకాలకు సుమారు 1.3 వేసుకోవచ్చు.

అదే మనిషికి, అదే 62 పీడీతో, 18 బ్రిడ్జి ఉంచి లెన్స్ వెడల్పు 48, 52, 56 అయితే చెవి వైపు అంచు మందం మిల్లీమీటర్లలో ఇలా వస్తుంది. 56 లెన్స్‌కు మాత్రం బ్రిడ్జి 17 తీసుకున్నాను.

| లెన్స్ వెడల్పు | అంచు దూరం | 1.50 | 1.60 | 1.67 | 1.74 |
|---|---|---|---|---|---|
| 48 | 26 | 6.1 | 4.7 | 4.3 | 4.0 |
| 52 | 30 | 7.4 | 5.8 | 5.3 | 4.9 |
| 56 | 33.5 | 8.7 | 6.9 | 6.3 | 5.8 |

ఇవి ఉజ్జాయింపులే, లెన్స్ వంపును బట్టి అసలుది కొంచెం మారుతుంది. అయినా పట్టిక చెప్పే సంగతి మారదు. 48 ఫ్రేమ్‌లో 1.60 లెన్స్, 52 ఫ్రేమ్‌లోని 1.74 కన్నా సన్నగా వచ్చింది. 56 ఫ్రేమ్ తీసుకున్నవాళ్లు అన్నిటికన్నా ఖరీదైన లెన్స్ వేయించుకున్నా 52 ఫ్రేమ్‌లో 1.60 వేయించుకున్నవాళ్ల మందమే వచ్చింది.

ఇంకో చిన్న ఉపాయం: ఫ్రేమ్ పీడీ మీ పీడీకి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. పవర్ 4 దాటినవాళ్లు ఆ తేడా 4 నుంచి 6 మిల్లీమీటర్లు మించకుండా చూసుకోండి. తక్కువ పవర్ వాళ్లు 10 వరకు వెళ్లినా పర్వాలేదు. అద్దంలో చూసినప్పుడు కన్ను లెన్స్ నడిమిలో గాని, పిసరంత ముక్కు వైపు గాని కనిపిస్తే ముఖానికి కూడా అదే అందం.

ఆకారం సంగతి. గుండ్రటి, కోలగా ఉండే ఫ్రేమ్‌లకు మూలలు లేవు. ఏవియేటర్ ఆకారంలో కింది బయటి మూల, చతురస్రంలో మూలలన్నీ నడిబిందువుకు ఎక్కువ దూరంలో ఉంటాయి, లావంతా అక్కడ చేరుతుంది. కొన్ని సైట్లు ఫ్రేమ్ వివరాల్లో ఈడీ అని ఇస్తాయి. లెన్స్ ఆకారపు నడిమి నుంచి అతి దూరపు మూలకు ఉన్న దూరానికి అది రెట్టింపు. రెండు ఫ్రేమ్‌ల మధ్య తేల్చుకోలేకపోతే ఈడీ తక్కువున్నది తీసుకోండి.

‘ముఖం పెద్దది, 48 ఫ్రేమ్ నాకు చిన్నపిల్లల అద్దాల్లా ఉంటుంది’ అనేవాళ్లుంటారు. నిజమే. వాళ్లు లెన్స్ చిన్నదిగా, అంచు పట్టీ వెడల్పుగా, కాడ మలుపు దగ్గర బయటికి పొడుచుకొచ్చే ఫ్రేమ్ వెతకాలి. మొత్తం వెడల్పు ముఖానికి సరిపోతుంది, లెన్స్ చిన్నగానే ఉంటుంది. బ్రిడ్జి బాగా పెంచి వెడల్పు తెచ్చుకుంటే మాత్రం లాభం తగ్గిపోతుంది, ఎందుకంటే ఆ బ్రిడ్జి కూడా లెన్స్‌ను బయటికి నెడుతుంది. నమ్మకం లేకపోతే 48, 22 తో లెక్క వేసి చూడండి, అంచు దూరం 28 కి వెళ్తుంది.

5. ఇప్పుడు ఇండెక్స్

లెన్స్ పదార్థం వెలుతురును ఎంత వంచుతుందో చెప్పే సంఖ్య ఇండెక్స్. ఎంత ఎక్కువ వంచితే అదే పవర్‌కు అంత తక్కువ వంపు సరిపోతుంది. సైట్లలో థిన్, అల్ట్రా థిన్ అన్న పేర్ల వెనక ఈ సంఖ్యే ఉంటుంది. పేరు వదిలేసి సంఖ్య వెతకండి, సంఖ్య ఇవ్వకపోతే అడగండి. ‘30 శాతం పలచన’ అని రాస్తే దేనికన్నా అన్నది ముఖ్యం. నడిమి మందం పక్కన పెడితే 1.50 తో పోల్చినప్పుడు 1.60 సుమారు 17 శాతం, 1.67 సుమారు 25 శాతం, 1.74 సుమారు 32 శాతం పలచన. 1.67 నుంచి 1.74 కు వెళ్తే అదనంగా దక్కేది 10 శాతం లోపే.

చిన్న, మధ్యరకం ఫ్రేమ్ తీసుకున్నారనుకుని, సిలిండర్ కూడా కలుపుకున్న పవర్‌కు నా ఎంపిక ఇలా ఉంటుంది:

- 2 వరకు: 1.50 చాలు. చూపు స్పష్టతలో దీన్ని మించినవి తక్కువ. కొన్ని సైట్లు 1.56 ను మామూలు లెన్స్‌గా ఇస్తాయి, అదీ సరే.
- 2 నుంచి 4 వరకు: 1.60.
- 4 నుంచి 6 వరకు: ఫ్రేమ్ చిన్నదైతే 1.60, లేకపోతే 1.67.
- 6 నుంచి 8 వరకు: 1.67.
- 8 పైన: 1.67 తో లెక్క వేసి, ఇంకా లావనిపిస్తే 1.74.

1.74 మీద నాకు పెద్ద మోజు లేదు. మైనస్ 6 కి 48 ఫ్రేమ్‌లో అది 1.67 కన్నా తగ్గించేది 0.3 మిల్లీమీటర్లు. పదార్థం కూడా బరువైనది. ఘన సెంటీమీటరుకు సుమారు 1.47 గ్రాములు, 1.60 రకాలు సుమారు 1.30. లెన్స్ పలచనైనంత మాత్రాన తేలికవుతుందని అనుకోవద్దు.

ఇండెక్స్ పెరిగే కొద్దీ ఇంకోటి తగ్గుతుంది. వెలుతురు రంగులుగా విడిపోకుండా ఆపే గుణమది, దాన్ని ఆబే సంఖ్యతో కొలుస్తారు. ఎక్కువుంటే మంచిది. 1.50 కు సుమారు 58, మంచి 1.60 రకానికి సుమారు 41, 1.67 కు సుమారు 32, పాలికార్బొనేట్‌కు 30. తక్కువున్న లెన్స్‌లో ఎదురుగా చూసినప్పుడు తేడా తెలియదు. నల్లటి తెర మీద తెల్ల అక్షరాలను ఓరకంట చూస్తే అంచుల వెంట నీలం, నారింజ గీతలు కనిపిస్తాయి. కొందరికి వారంలో అలవాటైపోతుంది, కొందరికి ఎప్పటికీ చికాకే. కంప్యూటర్ ముందు ఎక్కువసేపు కూర్చునేవాళ్లు 1.60 దగ్గర ఆగగలిగితే ఆగడం మంచిదని నేననేది ఇందుకే.

పిల్లలకు, ఆటలాడేవాళ్లకు, కంటికి దెబ్బ తగిలే పనుల్లో ఉన్నవాళ్లకు ఈ లెక్కలన్నీ పక్కన పెట్టండి. వాళ్లకు పాలికార్బొనేట్ గాని ట్రైవెక్స్ గాని తీసుకోవాలి. రెండూ దెబ్బకు సులువుగా పగలవు. ట్రైవెక్స్ ఇండెక్స్ 1.53 కాబట్టి కాస్త లావు వస్తుంది, కానీ తేలిక, చూపు పాలికార్బొనేట్ కన్నా శుభ్రంగా ఉంటుంది.

ప్లస్ పవర్ వాళ్లు ఇండెక్స్ కన్నా ముందు ఆస్ఫెరిక్ లెన్స్ (అంచు వైపు వెళ్లే కొద్దీ వంపు తగ్గేది) ఉందా అని చూడాలి. ఉబ్బు తగ్గుతుంది, అద్దాల వెనక కళ్లు పెద్దవిగా కనిపించడమూ కొంత తగ్గుతుంది. ఆ లెన్స్‌ను మీ ఫ్రేమ్ కొలతకే తయారుచేస్తారా, లేక సిద్ధంగా ఉన్న పెద్ద బిళ్ళలోంచి కోసి ఇస్తారా అని కూడా కనుక్కోండి. పెద్ద బిళ్ళలోంచి కోస్తే నడుమ అనవసరపు లావు మిగిలిపోతుంది.

6. ఫ్రేమ్ రకం, పూత

లావు అంచును దాచడంలో లావుపాటి ప్లాస్టిక్ ఫుల్ రిమ్ ఫ్రేమ్‌ను మించినది లేదు. సన్నటి మెటల్ ఫ్రేమ్‌లో 5 మిల్లీమీటర్ల అంచు వెనక్కి పొడుచుకొచ్చి కనిపిస్తుంది, ప్లాస్టిక్‌లో చాలావరకు పట్టీ లోపలే ఒదిగిపోతుంది. రిమ్ లేని ఫ్రేమ్‌లో లెన్స్‌కే రంధ్రాలు వేసి బిగిస్తారు. 1.50 లెన్స్ ఆ రంధ్రాల దగ్గర చీలే అవకాశం ఎక్కువ. రిమ్ లేనిది కావాలంటే ట్రైవెక్స్, పాలికార్బొనేట్, 1.60 రకాల్లో ఒకటి తీసుకోండి.

యాంటీ రిఫ్లెక్షన్ పూత విషయంలో బేరం వద్దు. పూత లేని 1.50 లెన్స్ రెండు వైపులా కలిపి మీద పడ్డ వెలుతురులో సుమారు 8 శాతం వెనక్కి కొడుతుంది. 1.67 అయితే సుమారు 12 శాతం. అంటే పలచని లెన్స్ కొని పూత వదిలేస్తే ఫోటోల్లో కళ్ల బదులు తెల్లటి మెరుపులే కనిపిస్తాయి, రాత్రి ఎదురొచ్చే బండ్ల లైట్లకు ఇబ్బంది పడతారు. నీలి వెలుతురు పూతకు పెట్టే డబ్బు ఇటు పెట్టడం మేలు.

7. ఆన్‌లైన్‌లో కొనకూడనివాళ్లు

మొదటిసారి ప్రోగ్రెసివ్ వేయించుకునేవాళ్లు వద్దు. దూరం, మధ్య, దగ్గర చూపులు ఒకే లెన్స్‌లో ఉంటాయి కాబట్టి కంటిపాప ఫ్రేమ్ కింది అంచు నుంచి ఎంత ఎత్తులో ఉందో, ముఖం మీద ఆ ఫ్రేమ్ పెట్టి చూసి మరీ కొలవాలి. చీటీలో ప్రిజం ఉన్నవాళ్లు, రెండు కళ్ల పవర్ మధ్య తేడా బాగా ఉన్నవాళ్లు కూడా ఎదురుగా కూర్చోబెట్టి కొలిచే చోటికే వెళ్లండి. 8 దాటినవాళ్లకు లెన్స్ కంటికి ఎంత దూరంలో కూర్చుంటుందన్నదీ లెక్కలోకి వస్తుంది. మైనస్ 8 లెన్స్ 3 మిల్లీమీటర్లు జరిగితే కంటికి అందే పవర్‌లో దాదాపు 0.19 తేడా వస్తుంది. పాత జోడులా కూర్చునే ఫ్రేమ్ అయితే ఆన్‌లైన్‌లో ధైర్యం చేయొచ్చు.

8. పార్శిల్ వచ్చాక

ముందు బల్ల మీద పెట్టి చూడండి. రెండు కాడలూ సమంగా ఆనాలి. తర్వాత పవర్ గుర్తు. జోడును చేత్తో కాస్త దూరంగా పట్టుకుని లెన్స్‌లోంచి ఒక వస్తువును చూస్తూ పక్కకు కదపండి. మైనస్ లెన్స్‌లో బొమ్మ మీరు కదిపిన వైపే వెళ్తుంది, ప్లస్‌లో ఎదురు దిక్కుకు. అసలు పవర్ ఎంతుందో తెలియాలంటే కళ్లద్దాల షాపులో లెన్సోమీటర్ మీద పెట్టించాలి, ఒకటి రెండు నిమిషాల పని.

పీడీ ఇంట్లోనే చూసుకోవచ్చు. పాత అద్దాలు పెట్టుకుని తలుపు నిలువు అంచుకు ఎదురుగా నిలబడండి. ఒక కన్ను మూసి, కొత్త జోడును ముందుకు పట్టుకుని లెన్స్‌లోంచి ఆ అంచును చూడండి. లెన్స్‌లో కనిపించే గీత, ఫ్రేమ్ పైనా కిందా కనిపించే గీతతో తప్పి పక్కకు జరిగినట్టు ఉంటుంది. జోడును మెల్లగా పక్కకు జరుపుతూ పోతే ఒకచోట మూడూ కలిసి ఒకే గీతవుతాయి. లెన్స్ మీద ఆ గీత పడిన చోట తుడిస్తే పోయే మార్కర్‌తో చుక్క పెట్టండి. రెండో లెన్స్‌కూ అలాగే. రెండు చుక్కల మధ్య అడ్డం దూరం మీరిచ్చిన పీడీకి దగ్గరగా ఉండాలి. యాక్సిస్ ఏటవాలుగా ఉన్నవాళ్లకు గీత కొంచెం వంగి కనిపిస్తుంది, ప్లస్ పవర్ వాళ్లు లెన్స్‌ను కంటికి దగ్గరగా పెట్టి చూడాలి. ఎక్కువ పవర్‌లో మూడు మిల్లీమీటర్లకు మించి తేడా వస్తే చుక్కలు తుడిచేముందు పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసుకోండి. వాపసు అడిగేటప్పుడు వాదన తగ్గుతుంది.

కాడలు వదులైనా, ఒక వైపు ఎత్తుగా ఉన్నా అద్దాలు తప్పని కంగారు పడకండి, వంచి సరిచేయించుకోవచ్చు. ప్లాస్టిక్ కాడను ఇంట్లో మరిగే నీళ్లలో ముంచే ప్రయోగాలు మాత్రం వద్దు. ఆ వేడికి లెన్స్ మీది పూత సన్నటి పగుళ్లు విచ్చుకుంటుంది.

కొత్త పవర్, కొత్త ఫ్రేమ్ కలిసి వస్తే నేల వంగినట్టు, మెట్లు దగ్గరైనట్టు కొన్ని రోజులు అనిపించవచ్చు. రోజురోజుకూ తగ్గుతుంటే అలవాటవుతోందని అర్థం. రెండుగా కనిపించడం, ఒక్క కంటిలోనే మసక, మూడు నాలుగు రోజులైనా తగ్గని తలనొప్పి ఉంటే పాత జోడుకు మారి కొత్తదాన్ని పరీక్షకు ఇవ్వండి. వాపసు గడువు ఎప్పటిదాకా ఉందో పార్శిల్ విప్పిన రోజే చూసి ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.